కూనూరు ఎలుక, పక్షవాతం ఎలుక

పస్తు పెట్టడం తేలికే అనుకుంటారు చాలామంది. గిన్నె తీసేస్తే సరిపోతుంది కదా అంటారు. ఎలుకల గదిలో ఉద్యోగం చేసినవాళ్లెవరూ ఆ మాట అనరు. హైదరాబాదులో ఓ ఫార్మసీ కాలేజీలో టెక్నీషియన్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. నా ఉద్యోగం చాలావరకు తూకమే. పొద్దున్నే ఎలుకని తోక మొదట పట్టుకుని త్రాసు గిన్నెలో పెట్టడం, బరువు రాసుకోవడం, పెల్లెట్లు తూచి బోనులో వెయ్యడం, మర్నాడు మిగిలింది తూచడం.

మిగిలింది తూచడంలోనే ఉంది అసలు తంటా. ఎలుక తిన్నంత తిని, కొరికినంత కొరికి పొడి చేసి కింద పోస్తుంది. ఆ పొడి వరి ఊకలో కలుస్తుంది, మూత్రంలో తడుస్తుంది. తడిసిన పొడి తూస్తే బరువెక్కువ చూపిస్తుంది, ఎలుక తక్కువ తిన్నట్టు లెక్క వస్తుంది. కాబట్టి ఊకంతా జల్లెడ పట్టి, పొడి ఏరి, ఆరబెట్టి అప్పుడు తూచాలి. ప్రోటీన్ తక్కువ తిండి మీద పెట్టిన ఎలుకలైతే తిండిని మరీ పాడు చేస్తాయి. ‘అక్కా, ఈ ఎలుక రోజుకి ఇరవై గ్రాములు తింటోంది, అయినా బరువు తగ్గుతోంది’ అని పీహెచ్‌డీ పిల్లలు పరుగెత్తుకొచ్చేవారు. తినడం లేదమ్మా, ఆడుకుంటోంది అనేదాన్ని.

ఇంకోటుంది. ప్రోటీన్ తగ్గించిన తిండి పెడితే ఎలుకకి ఆకలే మందగిస్తుంది. తనంతట తానే తక్కువ తింటుంది. అప్పుడు దానికి జరిగిన నష్టం ప్రోటీన్ తగ్గినందువల్లా, మొత్తం తిండే తగ్గినందువల్లా? తేల్చడానికి ఇంకో ఎలుకని జత కడతాం. దానికి మంచి తిండే, కానీ ఆ మొదటి ఎలుక నిన్న ఎన్ని గ్రాములు తిన్నదో ఇవాళ దీనికి అన్నే గ్రాములు. పక్క బోనులో ఇంకో ఎలుక కడుపునిండా తింటూ ఉంటుంది. ఇలా మూడు రకాలు. ఒక్క రోజు తూకం తప్పితే మూడూ దండగే. తోకల మీద పిక్రిక్ ఆమ్లం పసుపు గీతలు పెట్టుకుని, ఏది ఏ జట్టుదో గుర్తుంచుకునేవాళ్లం. నాకు గీతలు చూడాల్సిన పని ఉండేది కాదు. మూడో వారానికి ప్రోటీన్ అందని ఎలుక బొచ్చు మెరుపు పోయి, నిక్కబొడుచుకుని ఉంటుంది. తోక ముట్టుకుంటే చల్లగా తగులుతుంది.

ఈ కొలిచి పస్తు పెట్టే విద్య మన దేశంలో వేళ్లూనింది నీలగిరుల్లో, కూనూరులో. దాని వెనక మన కోస్తా జిల్లాల జబ్బొకటి ఉంది.

గంజాం నుంచి మచిలీపట్నం దాకా ఉన్న నేలని ఆ రోజుల్లో ఉత్తర సర్కారులు అనేవారు. అక్కడి సిపాయీల్లో, జైళ్లలో, మామూలు జనంలో బెరిబెరి ఎక్కువ. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, నడక పడిపోయి, చివరికి గుండె ఆగి పోయేవారు. మద్రాసు సైన్యంలో వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లోనే దీనిమీద ఒక పెద్ద వ్యాసం రాసి బహుమతి కూడా తెచ్చుకున్నాడు. కారణం మాత్రం ఆయనకి దొరకలేదు. జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ 1890లలో కోళ్లకి పాలిష్ బియ్యం పెట్టి, కాళ్లు పడిపోవడం చూసి, తవుడు పెడితే లేవడం చూసేదాకా ఎవరికీ దొరకలేదు.

1918లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో బెరిబెరి విచారణ అని ఒక చిన్న పరిశోధన మొదలైంది. మొదలుపెట్టినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్, ఐర్లండ్ మనిషి, ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరు. అంతకుముందు గిల్గిట్‌లో ఏళ్ల తరబడి గొంతు కింద వచ్చే గాయిటర్ వాపు మీద పనిచేశాడు. ఆ ఒక్క గదే తర్వాత న్యూట్రిషన్ రీసెర్చ్ లాబొరేటరీస్ అయింది, 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చుకుంది. తార్నాకలో జామై ఉస్మానియా స్టేషను దగ్గర ఉన్న ఆ ఆవరణ మీదుగా రోజూ ఎన్ని వేలమంది పోతారో, అది కూనూరు చలిలో పుట్టిందని తెలిసినవాళ్లు తక్కువ. ఆ సంస్థలో పెంచే విస్టార్ జాతి తెల్ల ఎలుకల వంశం కూడా కూనూరు నాటిదే.

మెక్‌కారిసన్ మొదట పట్టుకున్నది పావురాల్ని. మర బియ్యం తప్ప మరేమీ పెట్టకపోతే పావురం కొన్ని వారాల్లో మెడ వెనక్కి విరుచుకుని, కాళ్లు చాపి పడిపోతుంది. అలా పోయినవాటిని కోసి, ఒక్కొక్క అవయవాన్నీ తూచాడు. ఏది ఎక్కువ కరిగిపోయింది, ఏది తక్కువ కరిగింది అని వరస కట్టాడు. ముందు థైమస్ గ్రంథి, తర్వాత వృషణాలు, ప్లీహం, అండాశయం, క్లోమం, గుండె, కాలేయం, మూత్రపిండాలు, జీర్ణాశయం, థైరాయిడ్, చిట్టచివర మెదడు. అడ్రినల్ గ్రంథులు మాత్రం కరగకపోగా పెరిగాయి.

చిట్టచివర మెదడు. ఈ మాట మెక్‌కారిసన్ కంటే పాతది. జెనీవా వైద్యుడు షోసా 1843లోనే పావురాలని పస్తు పెట్టి తూచి చెప్పాడు, ఒంట్లో కొవ్వు తొంభై శాతానికి పైగా కరిగినా నాడీ కణజాలం బరువు తగ్గేది రెండు శాతమే అని. తర్వాత జర్మన్లు పిల్లుల్లో చూసి అదే అన్నారు. అలా ఒక నమ్మకం ఏర్పడిపోయింది. ఒంట్లో అన్నీ అరిగిపోయినా మెదడుని శరీరం కాపాడుకుంటుంది, ఆకలి దాని దాకా రాదు. ఈ నమ్మకం నూరేళ్లకు పైగా నడిచింది. తప్పు కాదు కూడా, తూకం వరకే చూస్తే. కానీ త్రాసు బరువే చెబుతుంది, లోపల పనితనం చెప్పదు. త్రాసుతో బతుకు వెళ్లదీసినదాన్ని, ఆ తేడా నాకు తెలుసు.

మెక్‌కారిసన్ బెరిబెరి పనికి 1923లో ఖర్చు తగ్గింపు పేరుతో గండి పడింది. ఇంచ్‌కేప్ కమిటీ లెక్కల్లో కూనూరు గది కొట్టుకుపోయింది. రెండేళ్లకి మళ్లీ తెరిచారు. ఈ మధ్యలోనే, 1924లో, ఆయనా నారిస్ అనే రసాయనవేత్తా కలిసి బియ్యానికీ బెరిబెరికీ సంబంధం మీద ఒక నివేదిక అచ్చు వేశారు. మద్రాసు రాష్ట్రంలో అందరూ బియ్యమే తింటుంటే జబ్బు ఉత్తర సర్కారుల్లోనే ఎందుకు గుమిగూడింది? దక్షిణాన ఉప్పుడు బియ్యం తింటారు. వడ్లు నానబెట్టి ఉడకబెట్టేటప్పుడు తవుడులోని విటమిన్ గింజలోకి దిగుతుంది, తర్వాత మరలో పోసినా పూర్తిగా పోదు. మన కోస్తాలో పచ్చి వడ్లనే మరకి వేస్తారు, తెల్లగా పాలిష్ పడితే గానీ నచ్చదు, ఆపైన కడిగి, వండి, గంజి వార్చి పారబోస్తారు. విటమిన్ మొదటిసారి మరలో, రెండోసారి కడుగులో, మూడోసారి గంజిలో పోయింది. ఈ సంగతి 1940లో, కూనూరులో మెక్‌కారిసన్ తర్వాత వచ్చిన ఎయ్‌క్రాయిడ్ బృందం ఇంకా వివరంగా రాసింది. దంపుడు బియ్యం నడిచినన్నాళ్లు ఇంత ముప్పు లేదు. రైసు మిల్లు ఊరికి వచ్చాక వచ్చింది.

ఇక మెక్‌కారిసన్‌కి లోకమంతా పేరు తెచ్చిన ప్రయోగం. ఎలుకల్ని జట్లు జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుకి ఒక్కో ప్రాంతం వాళ్ల తిండి పెట్టాడు. సిక్కుల తిండి అంటే ముడి గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చి కూరలు, పళ్లు, వారానికోసారి మాంసం. అలాగే పఠాన్ల తిండి, మరాఠీల తిండి, గూర్ఖాల తిండి, కన్నడిగుల తిండి, బెంగాలీల తిండి, చివర మద్రాసీల తిండి. సగటు బరువులు ఇలా వచ్చాయి. సిక్కు ఎలుక 235 గ్రాములు, పఠాను 230, మరాఠీ 225, గూర్ఖా 200, కన్నడ 185, బెంగాలీ 180, మద్రాసీ 155. ఆ మద్రాసీలో అప్పటి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా కలిసి ఉన్నాయని గుర్తుంచుకోండి.

ఈ పట్టిక మీద నాకో అనుమానం ఎప్పుడూ ఉంటుంది. సైన్యంలో ఎవరిని చేర్చుకోవాలో, ఎవరు వీరజాతులో తెల్లదొరలు అప్పటికే తేల్చి పెట్టుకున్న వరస దాదాపు ఇదే. ఎలుకలు కూడా ఆ వరసలోనే పెరిగాయంటే, చూసేవాడి కళ్లకి ఆ వరస ముందే తెలుసు. అలాగని అంకెలు అబద్ధమనను. పాలూ నెయ్యీ పప్పూ ఉన్న తిండికీ, మర బియ్యం మీద నడిచే తిండికీ ఆ తేడా రాక తప్పదు. తేడా జాతిది కాదు, పాలది. ఒక్కో కులంలో, ఒక్కో ఇంట్లో ఒక్కో తిండి ఉన్న దేశంలో ‘మద్రాసీ తిండి’ అని ఒక్కటి ఉంటుందా? మా అమ్మమ్మ ఇంట్లో జొన్న సంకటి, పక్కింట్లో వరి అన్నం.

ఇంకో ప్రయోగంలో ఒక జట్టుకి సిక్కుల తిండి, ఇంకో జట్టుకి ఇంగ్లండులో పేదలు తినే తిండి పెట్టాడు. తెల్ల రొట్టె, మార్గరిన్, పంచదార టీ, ఉడకబెట్టిన కూరలు, డబ్బా మాంసం. రెండో జట్టు ఎలుకలు చిక్కిపోవడమే కాదు, రెండు నెలలయ్యేసరికి ఒకదాన్నొకటి చంపి తినడం మొదలుపెట్టాయి. దొరల దేశపు తిండిని సిక్కుల తిండి కింద పెట్టడానికి ఆయన జంకలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. మంచి తిండి మీద పెంచిన తన ఎలుకల మందలో రెండేళ్లకు పైగా ఒక్కదానికీ జబ్బు చేయలేదని 1936లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో చెప్పుకున్నాడు. ఆ సరికే 1935లో రిటైరై వెళ్లిపోయాడు. ఆ కుర్చీలోకి ఎయ్‌క్రాయిడ్ వచ్చాడు.

అక్కణ్నించి కథ హైదరాబాదుది. ఆ సంస్థని నడిపిన డాక్టర్ కొలుత్తూర్ గోపాలన్ కాలం అంటే తార్నాకలో పాతవాళ్లకి ఇప్పటికీ ఒక గౌరవం. 1960లో ఆయనా శ్రీకంఠయ్యా కలిసి జొన్న తినేవాళ్లలో వచ్చే పెల్లాగ్రా మీద లాన్సెట్‌లో రాశారు. అప్పట్లో దక్కన్ పీఠభూమిలో జొన్నే ప్రధానం. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మనిషి దిగులుగా, మతి చలించినట్టు అవుతాడు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం పాలు ఎక్కువ కావడమే మూలమని వాళ్ల వాదన. కుక్కల మీద కూడా పరీక్షించి, నాలుక నల్లబడడం చూపించారు. అంటే ఆకలి మెదడు దాకా రాదన్న పాత మాటకి ఇక్కడే, మన ఊళ్లోనే గండి పడింది. పెల్లాగ్రా రోగి మెదడు బరువు తగ్గలేదు, బుద్ధి తగ్గింది.

1968లో చంపకం, శ్రీకంఠయ్య, గోపాలన్ ముగ్గురూ ఇంకో పని చేశారు. రెండు మూడేళ్ల వయసులో తిండి చాలక ఒళ్లు వాచే క్వాషియార్కర్ జబ్బు వచ్చి, చికిత్సతో బయటపడ్డ 19 మంది పిల్లల్ని కొన్నేళ్ల తర్వాత వెతికి పట్టుకుని, అదే వీధి, అదే ఇంటి పరిస్థితి ఉన్న ఇతర పిల్లలతో పోల్చి బుద్ధి పరీక్షలు పెట్టారు. జబ్బు పడి లేచిన పిల్లలు వెనకబడే ఉన్నారు. చూసి గ్రహించడంలో, ఆలోచించి తేల్చడంలో ఎక్కువ వెనకబాటు. కాస్త పెద్దయిన పిల్లల్లో ఆ తేడా తగ్గుతూ వచ్చింది.

దాదాపు అదే సమయంలో అమెరికాలో వినిక్, నోబుల్ ఎలుకల్లో దానికి కారణం చూపించారు, 1966లో. ఎలుక పిల్ల పుట్టిన మొదటి మూడు వారాల్లో తిండి తగ్గితే మెదడులో కణాల సంఖ్యే తగ్గిపోతుంది, తర్వాత ఎంత పెట్టినా పూడదు. పెద్ద ఎలుకని పస్తు పెడితే కణాలు చిక్కుతాయి గానీ తిండి పెట్టగానే మళ్లీ కోలుకుంటాయి. ఇంగ్లండులో డాబింగ్ దీన్నే మెదడు ఎదిగే వయసు ప్రమాదం అని పెద్ద సిద్ధాంతంగా కట్టాడు. దాంతో ఒక మంచీ ఒక చెడూ జరిగాయి. మంచి ఏమిటంటే, చంటిపిల్లల తిండి మీద ప్రభుత్వాల చూపు పడింది. చెడు ఏమిటంటే, పెద్దవాళ్ల మెదడుకి ఆకలితో ఏమీ కాదన్న పాత నమ్మకం కొత్త బట్టలు వేసుకుని వచ్చి కూర్చుంది.

ఇప్పుడు రెండో ఎలుక దగ్గరికి వస్తాను. పక్షవాతం ఎలుక.

మెదడుకి నెత్తురు ఆపి పక్షవాతం దెబ్బని జంతువులో చూసే పని ఇంకో లోకంలో, ఇంకో రకం డాక్టర్ల చేతుల్లో మొదలైంది. 1966లోనే లెవిన్, పయాన్ అనే ఇద్దరు మంగోలియా ఎడారి జంతువు ఒకదాన్ని పరిశోధనకి తెచ్చారు. దాని పేరు జెర్బిల్. చూడడానికి చుంచుకీ ఉడుతకీ మధ్యలో ఉంటుంది, తోక చివర కుచ్చు. మనుషుల్లో, ఎలుకల్లో మెదడు కింద రక్తనాళాలు ఒక వలయంగా కలుస్తాయి. మెడలో నాళం ఒకటి మూసుకుపోయినా వెనక నుంచి వచ్చే నెత్తురు ఆ వలయం గుండా ముందుకి అందుతుంది. జెర్బిల్‌కి ఆ వలయంలో వెనక జోడు లేదు. మెడలో రెండు ధమనుల్నీ అయిదు నిమిషాలు నొక్కి పట్టి వదిలితే చాలు, ముందు మెదడుకి నెత్తురు ఆగుతుంది. పెద్ద కోత అక్కర్లేదు, పుర్రె తెరవక్కర్లేదు.

1982లో జపాన్‌లో కిరీనో ఆ జెర్బిల్ మెదడు ముక్కల్ని రోజు రోజుకీ కోసి చూశాడు. హిప్పోకాంపస్ అనే భాగంలో, జ్ఞాపకాలు కట్టే చోట, సీఏ1 అనే పొర ఉంటుంది. నెత్తురు తిరిగి వచ్చిన మర్నాడు కణాలన్నీ బాగానే ఉన్నట్టు కనిపించాయి. నాలుగో రోజుకి చాలావరకు చచ్చిపోయాయి. ఇది నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే విషయం. దెబ్బ అయిదు నిమిషాలది, చావు నాలుగు రోజులది. ఆ మధ్య రోజుల్లో కణం ఏదో ఒకటి తింటోంది, ఏదో ఒకటి కట్టుకోవాలని చూస్తోంది. దానికి ముడిసరుకు ఎక్కణ్నించి వస్తుంది అన్న ప్రశ్న అప్పుడే రావాలి. రాలేదు.

వచ్చింది దానికి తలకిందుల ప్రశ్న. 1970లలో మైయర్స్, యమగుచి కోతుల గుండె ఆపి మళ్లీ నడిపించి చూశారు. ముందే గ్లూకోజు ఎక్కించిన కోతులకంటే పస్తున్న కోతుల మెదడు తక్కువ పాడైంది. నెత్తురు ఆగినప్పుడు చక్కెర మిగులు ఉంటే లాక్టిక్ ఆమ్లమై పేరుకుంటుంది, కణం పులిసిపోతుంది. 1999లో యు, మాట్సన్ ఎలుకల్ని కొన్ని నెలలు రోజు విడిచి రోజు పస్తు పెట్టి, తర్వాత మెదడు ధమని మూస్తే దెబ్బ తగ్గిందన్నారు. దీనికి వెనక 1935లో కార్నెల్‌లో మెకే చూపించిన మాట ఉంది, తిండి తగ్గించిన ఎలుక ఎక్కువ కాలం బతుకుతుందని. పత్రికలన్నీ ఉపవాసం మెదడుకి మంచిదని రాశాయి. మన వాట్సాప్‌లోనూ అదే.

ఇక్కడ మడత పేచీ ఉంది. మెకే ఎలుకకి తగ్గించింది కేలరీల్ని. విటమిన్లు, ఖనిజాలు, ప్రోటీన్ తక్కువ కాకుండా చూసుకున్నాడు. రోజు విడిచి రోజు పస్తున్న ఎలుక మధ్య రోజు నాణ్యమైన పెల్లెట్లు కడుపునిండా తింటుంది. ఏకాదశి ఉపవాసం ఉండే సేటు గారికీ, చారు అన్నంతో సరిపెట్టుకునే ముసలావిడకీ ఉన్న తేడా అది. రెండింటినీ పస్తు అనే అంటే ఎలా?

ఆ ముసలావిడ లాంటి జంతువుని పక్షవాతం ప్రయోగంలోకి తెచ్చినవాళ్లు కెనడాలో సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఫిలిస్ ప్యాటర్సన్ బృందం. ఆవిడ పోషకాహారం నుంచి వచ్చిన మనిషి, అందుకే ఈ ప్రశ్న తట్టింది. 2005లో వాళ్లు జెర్బిల్స్‌ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మామూలు తిండి, ఇంకో జట్టుకి ప్రోటీన్ 2 శాతమే ఉన్న తిండి, నాలుగు వారాలు. ఆపైన అయిదు నిమిషాలు నెత్తురు ఆపారు. కొత్త చోట వదిలిపెట్టి నడక గమనించారు. మామూలుగా ఏ జంతువైనా కొత్త చోట మొదటిరోజు అటూ ఇటూ తెగ తిరుగుతుంది, రోజులు గడిచేకొద్దీ ఇది చూసిన చోటే కదా అని కుదురుకుంటుంది. ప్రోటీన్ అందని జెర్బిల్స్ దెబ్బ తర్వాత కుదురుకోలేదు. ప్రతిసారీ కొత్తగానే తిరిగాయి. తర్వాతి ప్రయోగాల్లో దెబ్బతిన్న మెదడు మళ్లీ తీగలు అల్లుకోవడానికి కావలసిన కొన్ని ప్రోటీన్ల తీరు కూడా ఆకలి జంతువుల్లో మారిపోయిందని చూపించారు.

ఇందులో చేతిపని కష్టం ఒకటి ఉంది, ఎలుకల గదివాళ్లకి తప్ప బయటవాళ్లకి పట్టదు. ఆకలి ఎలుక ఒళ్లు వెచ్చగా నిలుపుకోలేదు. తోక చల్లగా ఉంటుందని అందుకే అన్నాను. 1987లో మయామీలో బస్టో బృందం తేల్చింది ఏమిటంటే, నెత్తురు ఆగిన సమయంలో మెదడు రెండు మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, చావవలసిన కణాలు చాలా వరకు బతికిపోతాయి. అంటే పస్తు పెట్టిన ఎలుకకి ఒళ్లు చల్లబడి, ఆ చలి మెదడుని కాపాడితే, చూసేవాళ్లు ఆకలే కాపాడిందని రాసేస్తారు. నొక్కి పట్టిన అయిదు నిమిషాలూ, ఆ తర్వాత గంటల కొద్దీ ఒంటి వేడి చూసుకోకపోతే మొత్తం లెక్క తలకిందులు.

ఇంతకీ నా ఫిర్యాదు ఇది. 2006లో ఒక లెక్క వచ్చింది. అప్పటిదాకా పక్షవాతానికి జంతువుల్లోనూ మనుషుల్లోనూ ప్రయత్నించిన మందులూ చికిత్సలూ 1,026. ఎలుకల్లో పనిచేసినవి వందల్లో ఉన్నాయి. మనిషి దగ్గరికి వచ్చేసరికి మెదడు కణాన్ని కాపాడే మందు ఒక్కటీ నిలబడలేదు. అప్పటికి మందుల్లో ప్రధానంగా గడ్డని కరిగించేదే మిగిలింది. ఎందుకు నిలబడలేదు అన్నదానికి నిపుణులు చాలా కారణాలు చెప్పారు. ఎలుక పడుచుది, రోగి ముసలివాడు. ఎలుకకి బీపీ లేదు, షుగరు లేదు. అన్నీ నిజమే. కానీ నేను పెంచిన ఎలుకల్ని బట్టి ఇంకోటి చెబుతాను. ఆ ఎలుక మెక్‌కారిసన్ సిక్కు ఎలుక. మిల్లులో లెక్క ప్రకారం తయారైన పెల్లెట్, పన్నెండు గంటల వెలుతురు, జబ్బూ పురుగూ లేని బోను. మన ఆసుపత్రి వరండాలో పక్షవాతంతో పడుకున్న మనిషి ఎక్కువసార్లు మద్రాసీ ఎలుక.

ఆసుపత్రిలో ఆకలి లెక్క తీసినవాళ్లున్నారు. ఎడింబరో డాక్టర్ డెన్నిస్ నడిపిన ఫుడ్ ట్రయల్ అనే పెద్ద అధ్యయనంలో మూడు వేల మంది రోగుల్ని చేరిన రోజే చూసి, తిండి చాలని శరీరం అనిపించినవాళ్లని గుర్తుపెట్టుకున్నారు. ఆరు నెలల తర్వాత వాళ్లలో 37 శాతం మంది చనిపోయారు, మామూలుగా ఉన్నవాళ్లలో 20 శాతం. 2003లో అచ్చయింది. అయితే ఆ వెంటే 2005లో ఇంకో ఫలితం వచ్చింది. మింగగలిగిన 4,023 మందిలో సగం మందికి ఆసుపత్రి తిండితో పాటు అదనంగా పోషక పానీయం ఇచ్చి చూస్తే పెద్ద తేడా రాలేదు. డబ్బా పొడులు అమ్మేవాళ్లు ఈ రెండో సంగతి చెప్పరు. తిండి చాలనివాళ్లు ఆ ట్రయల్‌లో కొద్దిమందే, పదిమందిలో ఒకరికి మించరు. బాగా తిన్నవాడికి ఇంకా పెట్టినందువల్ల లాభం లేదన్నంత వరకే అది రుజువు. పస్తున్నవాడి సంగతి వేరు. వాళ్లే ఎక్కువున్న దేశాల్లో ఆ పరీక్ష మళ్లీ చెయ్యాలి, అదీ ఇక్కడే చెయ్యాలి.

మా పెదనాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు ఊళ్లో అందరూ పత్యం అన్నారు. పప్పు వాతం, గుడ్డు వేడి, పెరుగు చలవ, వంకాయ దురద. మిగిలింది చారు, మెత్తటి అన్నం, బార్లీ నీళ్లు. పెద్దమ్మ నమ్మకంగా నెలల తరబడి అదే పెట్టింది. రెక్క పట్టు తప్పినవాడికి కండ కట్టుకోవడానికి ప్రోటీన్ కావాలని ఆవిడకి చెప్పినవాళ్లు లేరు. ఫిజియోథెరపీ చేయించుకోమని కాగితం రాసిచ్చిన డాక్టరు, ఏం తింటున్నాడని అడగలేదు. సెలవు మీద వెళ్లినప్పుడు చేతి చర్మం పట్టుకుని చూస్తే, ప్రోటీన్ అందని ఎలుక ఒంటిలా వదులుగా, చల్లగా ఉంది. ‘పెద్దమ్మా, రోజూ ఓ గుడ్డు, ఓ గరిటె ముద్దపప్పు పెట్టు, నా మాట విను’ అంటే, ‘నువ్వు ఎలుకలకి డాక్టరువి కదే’ అంది. తర్వాత పెట్టింది, అది వేరే సంగతి.

సస్కాచెవాన్ ప్రయోగాలు మనిషికి ఏమీ రుజువు చెయ్యలేదు. జెర్బిల్ మనిషి కాదు, 2 శాతం ప్రోటీన్ తిండి ఏ ఊళ్లోనూ ఎవరూ తినరు. అవి చేసింది ఒక్కటే. దశాబ్దాలుగా వేరు వేరు గదుల్లో పెరిగిన కూనూరు ఎలుకనీ పక్షవాతం ఎలుకనీ ఒకే బోనులో పెట్టాయి. తార్నాకలో అంత పెద్ద ఆకలి ఎలుకల చరిత్ర పెట్టుకుని, నిమ్స్, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రుల్లో రోజూ పక్షవాతం రోగుల్ని చూస్తూ, ఈ పని మనవాళ్లు పెద్ద ఎత్తున తలకెత్తుకోవాలి. ఆ విద్య ఇక్కడే ఉంది, ఆ రోగులూ ఇక్కడే ఉన్నారు.

అప్పటిదాకా చదువరులకి ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వస్తే, నోట్లో మొదటి గుక్క పొయ్యకముందే మింగగలరో లేదో ఆసుపత్రిలో పరీక్ష చేయించండి. సగం మందికి దాకా మొదటి రోజుల్లో మింగుడు తేడా చేస్తుంది. చేరిన రోజు బరువు రాయించుకోండి. ఇంటికి వచ్చాక వారం వారం తూచి అదే కాగితం మీద రాయండి. పత్యం పేరుతో పప్పూ గుడ్డూ పాలూ మానిపించకండి. మూత్రపిండాల జబ్బు లాంటిది ఉంటే ఎంత పెట్టాలో డాక్టర్నే అడగండి. బరువు పడిపోతుంటే ఆ కాగితం తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టండి.